వేగా 8 ల్యాప్‌టాప్ మీద విచర్ 3: అడ్డు ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 'విచర్ 3: వైల్డ్ హంట్' ఆటను 2015 మే 19న విడుదల చేసింది. పదేళ్లు దాటిన ఆటే అయినా, చవక ల్యాప్‌టాప్‌లకు అది ఇప్పటికీ మోయలేని బరువే. మా తమ్ముడు వరంగల్‌లో బీటెక్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్ మీద ఈ ఆటను ఆడదగ్గ స్థితికి ఎలా తెచ్చామో ఇక్కడ రాస్తున్నాను. ఆ ల్యాప్‌టాప్‌లో ఏఎండీ రైజెన్ 5 3500యూ ప్రాసెసర్, అందులోనే ఇమిడి ఉన్న వేగా 8 గ్రాఫిక్స్, ఒకే స్టిక్‌గా 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. 2019, 2020 ప్రాంతంలో ఈ అమరికతో ఉన్న ల్యాప్‌టాప్‌లు మన కాలేజీ పిల్లల చేతుల్లో విరివిగా కనిపించేవి కాబట్టి, ఇందులో కొంతైనా మరొకరికి అక్కరకొస్తుందని అనుకుంటున్నాను.

యూట్యూబ్‌లో 'ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల, అంటే ఫ్రేముల సంఖ్య) రెట్టింపు చేసే చిట్కాలు' అంటూ వచ్చే వీడియోలతో నాకున్న పేచీ ఏమిటంటే, అవి రోగం అడగకుండానే మందు రాసిచ్చేస్తాయి. రిజిస్ట్రీలో ఏవో అంకెలు మార్చమంటాయి, టెంప్ ఫోల్డర్ ఖాళీ చేయమంటాయి, 'గేమ్ బూస్టర్' పేరుతో ఉన్న సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకోమంటాయి. కానీ ఆట 'సరిగ్గా ఆడటం లేదు' అనే ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు ఫిర్యాదులు ఉంటాయి. మొదటినుంచీ చివరిదాకా ఫ్రేముల సంఖ్య తక్కువగానే ఉండటం ఒకటి. మొదట బాగా నడిచి కాసేపటికి నీరసపడటం రెండోది. సగటు బాగానే కనిపిస్తున్నా మధ్యమధ్య అర సెకను పాటు బొమ్మ బిగుసుకుపోవడం మూడోది. మూడింటికీ మూలాలు వేరు కాబట్టి ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు. మా తమ్ముడు ఫోన్‌లో మొదట చెప్పిన మాట "అన్నా, పది నిమిషాలు బాగానే ఉంటోంది, ఆ తర్వాతే పడుకుంటోంది" అని. నిజానికి అతని ల్యాప్‌టాప్‌కు ఆ మూడు జబ్బులూ ఉన్నాయి, కాకపోతే అతన్ని ఎక్కువ విసిగించినది అదొక్కటే.

అసలు లోటు ఎంతో ముందు లెక్క చూసుకోవాలి. ఈ ఆటకు కనీస అర్హతగా తయారీదారులు చెప్పిన గ్రాఫిక్స్ కార్డులలో ఏఎండీ రేడియాన్ హెచ్‌డీ 7870 ఒకటి. దానిలో 1280 షేడర్లు, అంటే బొమ్మకు కావలసిన లెక్కలు చేసే చిన్న యూనిట్లు, 1000 మెగాహెర్ట్జ్ వేగంతో పనిచేస్తాయి, సొంత మెమరీ నుంచి సెకనుకు 153.6 జీబీ డేటా అందుతుంది. మన వేగా 8లో 512 షేడర్లు ఉన్నాయి, వాటి గరిష్ఠ వేగం 1200 మెగాహెర్ట్జ్. అంటే లెక్కలు చేసే శక్తిలో అది కనీస అర్హతకు సగం కూడా లేదు. మెమరీ సంగతి ఇంకా ఘోరం. దానికి సొంత మెమరీ లేదు, ప్రాసెసర్ వాడుకునే డీడీఆర్4 2400 ర్యామ్‌లోంచే వాటా తీసుకోవాలి. ఒక్క స్టిక్ ఉంటే ఆ ర్యామ్ మొత్తం ఇవ్వగలిగింది సెకనుకు 19.2 జీబీ, అంటే హెచ్‌డీ 7870కి అందేదానిలో ఎనిమిదో వంతు. ఆ ఎనిమిదో వంతులో కూడా ప్రాసెసర్‌కు భాగం పోవాలి.

ఇంత లోటు ఉన్నప్పుడు ఆశ వదులుకోవడమే మేలనిపించవచ్చు గానీ, ఇదే ఆట 2019 అక్టోబరులో నింటెండో స్విచ్ మీదకు కూడా వచ్చింది. మొత్తం 4 జీబీ మెమరీ మాత్రమే ఉన్న ఆ చేతి పరికరంలో, టీవీకి కలిపినప్పుడు 720పీ (బొమ్మలో 720 అడ్డు వరుసల చుక్కలు) వరకు, చేతిలో పట్టుకుని ఆడేటప్పుడు 540పీ వరకు రిజల్యూషన్‌ను అవసరాన్నిబట్టి హెచ్చుతగ్గులు చేస్తూ, సెకనుకు 30 ఫ్రేముల లక్ష్యంతో దాన్ని నడిపించారు. కాబట్టి మనం కూడా 1080పీ, 60 ఫ్రేములు అనే కోరిక పక్కనపెట్టి, 720పీ వద్ద నిలకడైన 30 ఫ్రేములు లక్ష్యంగా పెట్టుకుంటే అది అత్యాశ కాదు.

కొలత లేకుండా ఏ మార్పూ చేయకూడదని ముందే నిర్ణయించుకున్నాం. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో పాటు వచ్చే రివాట్యూనర్ తెర మూలన ఫ్రేముల సంఖ్యతో పాటు ఒక్కో ఫ్రేముకు పట్టిన సమయాన్ని గీతగా చూపిస్తుంది. నా దృష్టిలో ఆ గీత ముఖ్యం, సంఖ్య కాదు. సెకనుకు 30 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు 33.3 మిల్లీసెకన్లు పట్టాలి. 29 ఫ్రేములు చకచకా వచ్చి ఒక్కటి మాత్రం 300 మిల్లీసెకన్లు తీసుకున్నా సగటు పెద్దగా చెడదు గానీ, కత్తి దూసే క్షణంలో ఆ ఒక్కటి పడితే చావు తప్పదు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే మరో ఉచిత సాధనం వేడిని, వాట్లను, గ్రాఫిక్స్ క్లాక్‌ను, అంటే గ్రాఫిక్స్ పనిచేసే వేగాన్ని, నమోదు చేస్తుంది. ఇక పరీక్షకు ఒకే చోటు, ఒకే వేళ ఉండాలి. ఆటలో ధ్యానం చేసి మధ్యాహ్నం పన్నెండు చేసుకోవచ్చు కాబట్టి, వైట్ ఆర్చర్డ్ ఊళ్లోని పూటకూళ్ల ఇంటి ముందు, క్రూక్‌బ్యాక్ బాగ్ చిత్తడి అడవిలో, నోవిగ్రాడ్ నగర కూడలిలో మూడు సేవ్‌లు పెట్టుకుని, ప్రతి మార్పు తర్వాత అవే దారుల్లో గుర్రాన్ని నడిపించాం. అడవి గ్రాఫిక్స్‌ను పరీక్షిస్తుంది, జనం కిక్కిరిసిన నగరం ప్రాసెసర్‌ను పరీక్షిస్తుంది. ఈ తేడా తర్వాత చాలా అక్కరకొచ్చింది.

మొదటి కొలతలో 720పీ, అన్నీ తక్కువ సెట్టింగుల వద్ద అడవిలో 21, 22 ఫ్రేముల దగ్గర ఆగిపోయింది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే సగం కథ అక్కడే తెలిసిపోయింది. 8 జీబీలో దాదాపు 2 జీబీ 'హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్' అని గ్రాఫిక్స్ పేరు మీద ముందే పక్కకు పోయింది, మిగిలింది 5.9 జీబీ. ఆటకు కనీసం 6 జీబీ కావాలని తయారీదారులే చెప్పారు, ఆ పైన విండోస్ ఉంది, మూయకుండా వదిలేసిన క్రోమ్ ఉంది. అదే పేజీలో కింద 'స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2' అని ఉన్న వరుస చూసినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. రెండో స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకొక 8 జీబీ స్టిక్ వేయడంతో రెండు సమస్యలు ఒకేసారి తీరతాయి. మెమరీ పరిమాణం పెరగడం అందరికీ తెలిసిన లాభమే. కానీ రెండు స్టిక్కులు జంటగా పనిచేసినప్పుడు దారి రెండింతలై, సెకనుకు 19.2 జీబీ కాస్తా 38.4 జీబీ కావడమే అసలు లాభం. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్న ల్యాప్‌టాప్‌లో దీనివల్ల వచ్చే తేడా తక్కువే గానీ, ఇలా ర్యామ్ మీదే బతికే గ్రాఫిక్స్‌కు ఇంతకన్నా మంచి ఖర్చు మరొకటి లేదు.

స్టిక్ కోసం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ విడిభాగాల మార్కెట్‌కు వెళితే, ఒక దుకాణంలో కుర్రాడు "ఉన్నది తీసేసి ఒకటే పదహారు వేయించుకోండి సార్, ముందు ముందు ఇంకో పదహారు వేసుకోవచ్చు" అన్నాడు. ఆఫీసు పనికి అది మంచి సలహానే. ఆటకు మాత్రం 16 జీబీ స్టిక్ ఒకటి కంటే 8 జీబీ స్టిక్కులు రెండు మేలు, ఎందుకంటే ఒకటే ఉంటే దారి మళ్లీ ఒకటే అవుతుంది. ఉన్న స్టిక్ వేగం, వోల్టేజీ ఎంతో సీపీయూ-జడ్ అనే ఉచిత సాధనంలో చూసి రాసుకుని వెళ్లడం వల్ల ఎంపిక తేలికైంది. స్టిక్ బిగించాక సీపీయూ-జడ్‌లో చానల్ అన్న చోట 'డ్యూయల్' అని కనబడింది, అడవిలో సగటు 31, 32కి ఎగబాకింది. ఒక్క సెట్టింగూ ముట్టుకోకుండా వచ్చిన పెరుగుదల ఇది.

మెమరీ మాట వచ్చింది కాబట్టి పేజ్ ఫైల్ గురించి కూడా చెప్పాలి. ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కులో కొంత చోటును ర్యామ్‌కు తోడుగా వాడుకుంటుంది. అది నెమ్మది కాబట్టి దాన్ని పూర్తిగా ఆపేయమని చాలా చిట్కాల వీడియోలు చెబుతాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, దాన్ని ఆపేస్తే నెమ్మదిగానైనా నడుస్తున్న ఆట మెమరీ చాలక మొత్తానికే మూతపడిపోతుంది. దాన్ని విండోస్ ఇష్టానికి వదిలేయడమే మంచిది.

మూడో జబ్బు, అంటే బొమ్మ బిగుసుకుపోవడం, ర్యామ్ పెరిగాక తగ్గింది గానీ పోలేదు. నడిచి వెళ్లేటప్పుడు ఏమీ ఉండదు, ఆటలోని రోచ్ అనే గుర్రమెక్కి వెలెన్ ప్రాంతపు దారుల్లో దౌడు తీయించినప్పుడే వస్తుంది. ఈ ఆటలో లోకం మొత్తం ఒకేసారి మెమరీలోకి రాదు, మనం ముందుకు వెళ్లేకొద్దీ రాబోయే ఊళ్లను, చెట్లను డిస్కునుంచి తెచ్చుకుంటుంది. గుర్రం వేగానికి హార్డ్ డిస్క్ అందుకోలేకపోతోంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వాడకం 100 శాతం తాకిన క్షణాలూ, ఫ్రేము గీత పైకి ఎగిరిన క్షణాలూ ఒకటే కావడంతో అనుమానానికి తావు లేకపోయింది. మదర్‌బోర్డు మీద ఎం.2 స్లాట్ ఉంది కాబట్టి హార్డ్ డిస్క్ కంటే ఎంతో వేగంగా డేటా అందించే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ ఒకటి వేసి, విండోస్‌నూ, 50 జీబీ దాకా ఉండే ఆటనూ అందులోకి మార్చాం. సగటు ఫ్రేములు ఒక్కటి కూడా పెరగలేదు, కుదుపులు మాత్రం దాదాపు మాయమయ్యాయి. ఎస్ఎస్‌డీ వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుందని ఆశపడి కొని, పెరగలేదని తిట్టుకునే వాళ్లు ఈ రెండు మాటలనూ విడదీసి చూసుకోవాలి.

ఇక తమ్ముడు చెప్పిన 'పది నిమిషాల తర్వాత పడుకోవడం'. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది ఇదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో నమోదు చేసిన వరుసలు చూస్తే, ఆట మొదలైన కొత్తలో చిప్ 25 వాట్ల దాకా తీసుకుంటూ గ్రాఫిక్స్‌ను 1200 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపింది. కొన్ని నిమిషాలకు అదే చిప్ 15 వాట్లకు దిగింది, గ్రాఫిక్స్ 800 దగ్గరికి జారింది. ఇది చెడిపోవడం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు. 3500యూ సహజంగా 15 వాట్ల చిప్. దాన్ని కాసేపు ఎక్కువ వాట్లు తీసుకోనిచ్చి, ల్యాప్‌టాప్ పైభాగం చేతికి చురుక్కుమనేంత వేడెక్కకముందే వెనక్కి లాగే విధానం ఏఎండీ చిప్‌లలో ఉంది. దాని పేరు 'స్కిన్ టెంపరేచర్ అవేర్ పవర్ మేనేజ్‌మెంట్'. పరిమితి ఎక్కడ పెట్టాలో ల్యాప్‌టాప్ తయారుచేసిన వాళ్లు నిర్ణయిస్తారు. అందుకే ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే ఆటలో వేర్వేరుగా నడుస్తాయి, రివ్యూలో చూసిన అంకె మనింట్లో రాదు.

ఆ పరిమితికి తోడు అసలైన వేడి కూడా ఉంది. మేము ఇదంతా చేసింది మే నెలలో. వరంగల్‌లో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 37 డిగ్రీలుంటే, చలికాలంలో కంటే చిప్ వేడి దాదాపు ఆ తేడా మేరకు ఎక్కువ నుంచే మొదలవుతుంది. పైగా ల్యాప్‌టాప్ పరుపు మీద ఉంటే, అడుగున గాలి పీల్చుకునే కన్నాలను దుప్పటి మూసేస్తుంది. వెనక మూత విప్పితే ఫ్యాన్ బాగానే ఉంది గానీ, ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య దుమ్ము పేరుకుని పలచని గుడ్డలా అట్టకట్టి ఉంది. గాలి బయటికి పోయే దారినే అది మూసేసింది. దాన్ని చిమ్టాతో లాగితే ఒకే ముక్కగా ఊడివచ్చింది. థర్మల్ పేస్ట్ ఎండి పెళుసుబారింది, తుడిచి కొత్తది పెట్టాం. ల్యాప్‌టాప్ వెనక అంచు కింద రెండు సీసా మూతలు పెట్టి కొంచెం ఎత్తు లేపాం. వీటన్నిటితో వేడి 93 నుంచి 80 ప్రాంతానికి దిగింది. కానీ వాట్ల పరిమితి అలాగే ఉంది కాబట్టి, పది నిమిషాల తర్వాత పడిపోవడం తగ్గిందే తప్ప ఆగలేదు.

ఇక్కడ పనికొచ్చింది విండోస్ పవర్ ఆప్షన్లలోని 'మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' అనే చిన్న గడి. దాన్ని 100 నుంచి 99కి తగ్గిస్తే ప్రాసెసర్ తన బూస్ట్ వేగాన్ని వదులుకుని, 3500యూ విషయంలో 2.1 గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. వేగం కావాలని వేగం తగ్గించడం వింతగా కనిపిస్తుంది గానీ లెక్క సరైనదే. 15 వాట్లనూ ప్రాసెసర్, గ్రాఫిక్స్ పంచుకోవాలి. ప్రాసెసర్ అవసరం లేకపోయినా 3.7 గిగాహెర్ట్జ్ దాకా ఎగబడి తన వాటాకు మించి తినేస్తుంటే గ్రాఫిక్స్‌కు మిగిలేది తక్కువ. దాన్ని అదుపులో పెడితే మిగిలిన వాట్లు గ్రాఫిక్స్‌కు చేరతాయి. అడవిలో గ్రాఫిక్స్ క్లాక్ 800 నుంచి 1000 దాటి అక్కడే నిలబడింది, ఇరవై నిమిషాలైనా ఫ్రేములు 30కి దిగలేదు. అయితే ఇది అన్నిచోట్లా పనిచేసే మంత్రం కాదు. నోవిగ్రాడ్ కూడలిలో వందమంది జనం కదలికలను లెక్కవేసే పని ప్రాసెసర్‌ది, అక్కడ ఇదే మార్పు నాలుగైదు ఫ్రేములు పోగొట్టింది. అందుకని రెండు పవర్ ప్లాన్‌లు తయారుచేసి, నగరంలోకి వెళ్లేటప్పుడు ఒకటి, ఊళ్లూ అడవులూ తిరిగేటప్పుడు ఒకటి వాడుతున్నాడు తమ్ముడు.

రైజెన్‌అడ్జ్ అనే సాధనంతో ఆ వాట్ల పరిమితినే పెంచవచ్చు. 3500యూ మీద అది పనిచేస్తుంది. నేను మాత్రం దాన్ని సిఫారసు చేయను. చిప్ తట్టుకున్నా, దానికి కరెంటు అందించే భాగాలను, చల్లార్చే ఫ్యాన్‌ను, అడాప్టర్‌ను ఆ ల్యాప్‌టాప్‌కు తగినంతే పెట్టి ఉంటారు. చదువుకు కూడా అదే ఆధారమైన ల్యాప్‌టాప్‌తో, అదీ మన ఎండాకాలంలో, అలాంటి ప్రయోగం చేసేంత ధైర్యం నాకు లేదు.

ఆట వైపు చేసిన మార్పుల్లో అన్నిటికన్నా పెద్దది వెర్షన్ ఎంపిక. 2022 డిసెంబరులో వచ్చిన ఉచిత 4.0 అప్‌డేట్ వెలుతురును నిజంలోలా లెక్కవేసే రే ట్రేసింగ్‌ను, ఆట గ్రాఫిక్స్‌తో పని చేయించుకునే మార్గమైన డైరెక్ట్‌ఎక్స్‌లో 12వ వెర్షన్‌ను తెచ్చింది. కొత్త కార్డులకు అది కానుకే గానీ, మనలాంటి వాళ్లకు ఆ దారి అదనపు బరువు. ఆటకు ముందు తెరుచుకునే లాంచర్‌లో పాత డైరెక్ట్‌ఎక్స్ 11 ఎంచుకోవచ్చు. ఇంకా తేలికగా కావాలంటే ఆట ఫోల్డర్‌లో బిన్, ఎక్స్64 లోపలున్న ఫైలును నేరుగా నడిపితే లాంచర్ తినే మెమరీ కూడా మిగులుతుంది. ఆటలు అమ్మే స్టీమ్‌లో బీటా ట్యాబ్ నుంచి పాత 1.32 వెర్షన్‌కు వెనక్కి వెళ్లే వీలుంది. మేము చివరికి అక్కడే స్థిరపడ్డాం. కొత్త వెర్షన్‌లో చేసిన సేవ్‌లు పాతదానిలో తెరుచుకుంటాయని నమ్మి కూర్చోకూడదు కాబట్టి, ఈ నిర్ణయం ఆట మొదట్లోనే తీసుకోవాలి.

సెట్టింగుల్లో జుట్టును కదిలించే హెయిర్‌వర్క్స్‌ను ముందుగా ఆపాలి, కథానాయకుడు గెరాల్ట్ జుట్టు గాలికి ఊగకపోతే కథకు వచ్చే నష్టమేమీ లేదు. ఆ తర్వాత ఎక్కువ తినేది చెట్లు ఎంత దూరం దాకా కనిపించాలో చెప్పే 'ఫోలియేజ్ విజిబిలిటీ రేంజ్', దాని తర్వాత నీడలు, గడ్డి. నేపథ్య జనం సంఖ్య తక్కువలో పెట్టాలి. టెక్స్‌చర్లను, అంటే వస్తువుల మీది పైపూత బొమ్మలను, మాత్రం మధ్యస్థంలో ఉంచాం, ర్యామ్ పెరిగాక వాటివల్ల వచ్చిన భారం కొలతకు అందలేదు, బొమ్మ మాత్రం ఎంతో మెరుగ్గా ఉంది. మెనూలో ఉన్న కనిష్ఠం కంటే కిందికి దిగాలనుకునే వారు డాక్యుమెంట్స్‌లోని విచర్ 3 ఫోల్డర్‌లో ఉన్న 'యూజర్ డాట్ సెట్టింగ్స్' ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి నీడల, ఆకుల విలువలు ఇంకా తగ్గించవచ్చు. మేము కొంత ప్రయత్నించి, దూరాన ఉన్న చెట్లు కళ్లముందే మొలుచుకొస్తుంటే చూడలేక విరమించుకున్నాం.

చివరగా ఫ్రేములను 30కి కట్టేయడం. అడవిలో 33, 34 వస్తున్నప్పుడు 30కి తగ్గించుకోవడం ఎందుకని తమ్ముడు వాదించాడు. కట్టేయకపోతే చిప్ ఎప్పుడూ తన పరిమితిని తాకుతూనే ఉంటుంది, ఫ్రేముల మధ్య వ్యవధి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కట్టేస్తే తేలికైన చోట్ల మిగిలిన శక్తి వేడి రూపంలో పోకుండా, బరువైన చోటికి అందుబాటులో ఉంటుంది. ఆటలోనే 30 పరిమితి ఉంది గానీ, ఈ ల్యాప్‌టాప్‌లో రివాట్యూనర్ పెట్టిన పరిమితితోనే గీత ఎక్కువ చదునుగా వచ్చింది. రెండు రోజులు ఆడాక అతనే దాన్ని తీయవద్దన్నాడు.

ఇప్పటికీ తీరని లోట్లు రెండున్నాయి. ఒకటి కరెంటు పోవడం. అడాప్టర్ ఆగి బ్యాటరీ మీదకు మారిన క్షణమే ల్యాప్‌టాప్ వాట్లు కోసేస్తుంది, ఫ్రేములు పద్దెనిమిదికి పడతాయి, దానికి సెట్టింగులతో చేసేదేమీ లేదు, ఇన్వర్టర్ ఒక్కటే మార్గం. రెండోది నోవిగ్రాడ్. బూస్ట్ ఉన్న పవర్ ప్లాన్‌తోనూ పగటిపూట నగర కూడలిలో 24, 25 దాటడం లేదు. ర్యామ్, డిస్క్, వేడి అన్నీ చూశాక మిగిలినది ప్రాసెసర్ శక్తే కాబట్టి ఆ విషయం అక్కడితో వదిలేశాం. తమ్ముడు నగరంలో చేయాల్సిన పనులన్నిటికీ ఆటలో రాత్రివేళ ఎంచుకుంటున్నాడు. వీధుల్లో జనం పలచబడి, మూడు నాలుగు ఫ్రేములు ఎక్కువొస్తున్నాయట.